‘కొట్టుక్కాళి’ హీరోయిన్ నోరు తెరవలేదని కంప్లైంట్ చేసినవాళ్ళకి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

మొన్న ఆదివారం మీ సినిమా పేజీలో తమిళ సినిమా ‘కొట్టుక్కాళి’ మీద ఒక పాఠకుడి అభిప్రాయం వేశారు. ఆయన అనేది ఏంటంటే, పల్లెటూళ్ళో ఆడపిల్ల కష్టాల మీద సినిమా అని చెప్పి కూర్చోబెట్టారు, తీరా చూస్తే హీరోయిన్ నోరే తెరవదు, గంటన్నర పైన ఆటోలో అట్లా కూర్చునే ఉంటుంది, చివరికి ఏమైందో కూడా చెప్పకుండా వదిలేశారు, ఇదేం సినిమా అని. ఆయన్ని నేనేం అనట్లేదు, డబ్బులూ టైమూ పెట్టి చూసిన మనిషికి విసుక్కునే హక్కు ఉంది. కానీ మాకు తెలిసినవాళ్ళలో ఈ సినిమా చూసిన ప్రతి ఒక్కరూ ఇదే మాట అంటున్నారు, అందులో సగం మంది ఆడవాళ్ళే, అందుకని రాస్తున్నా. కొంచెం పెద్దదయ్యేట్టుంది ఉత్తరం, కత్తిరించుకోండి, కాకపోతే చివర్లో మీ పేపర్ గురించి ఒక మాట ఉంది, అది మాత్రం కత్తిరించకండి.

మాది నగరి వైపు, తమిళనాడు బోర్డర్ పక్కనే. మాకు తమిళం నేర్చుకోవాల్సిన పని లేదు, బస్సులోనూ సంతలోనూ టీవీలోనూ పుట్టినప్పట్నుంచి చెవిన పడుతూనే ఉంటుంది. అయినా ఈ సినిమాలో మధురై యాస నాకే అక్కడక్కడా అందలేదు, సబ్ టైటిల్స్ పెట్టుకునే చూశా. కాబట్టి భాష రాదు అనే వంక ఎవరికీ లేదు, పైగా ఇందులో మాటలు తక్కువ, పాటలు లేవు, బ్యాక్‌గ్రౌండ్ మ్యూజిక్ అయితే అసలు ఒక్క ముక్క లేదు. బండి చప్పుడు, గాలి, కోడి, మనుషుల గొణుగుడు, అంతే.

చూడనివాళ్ళ కోసం కథ చెప్తా. మీనా అని ఒక అమ్మాయి. మేనరికం వరసైన పాండికి ఇచ్చి చెయ్యాలని ఇంట్లో అనుకున్న పిల్ల. ఆ అమ్మాయి వేరే కులం అబ్బాయిని, వీళ్ళు తక్కువ అనుకునే కులం అబ్బాయిని ఇష్టపడింది. అది తెలిసినప్పట్నుంచి ఎవరితోనూ మాట్లాడదు, ఎవరి వంకా సరిగ్గా చూడదు. ఇంట్లోవాళ్ళకి ఒకటే అర్థమైంది, పిల్లకి ఏదో పట్టింది, లేకపోతే వాడేదో చేశాడు. ఒకరోజు పొద్దున్నే ఒక ఆటో, బైకులు, మొక్కుకి ఒక కోడిపుంజు, చుట్టాలూ పక్కాలూ అందరూ కలిసి ఆ పిల్లని దయ్యం వదిలించే సామి దగ్గరికి బయల్దేరతారు. దార్లో కులదేవత దగ్గర ఆగుతారు, ఇంకొన్ని చోట్ల ఆగుతారు, చివరికి చేరతారు. ఇదే సినిమా. పి.ఎస్. వినోద్‌రాజ్ డైరెక్టర్, శివకార్తికేయన్ సొంత బ్యానర్‌లో తీశాడు, 2024 ఫిబ్రవరిలో బెర్లిన్ ఫెస్టివల్‌లో వేశారు, ఆగస్టు 23న తమిళనాడు థియేటర్లలోకి వచ్చింది. పాండిగా చేసింది సూరి, పరోటా కామెడీతో పేరు తెచ్చుకున్న మనిషి, ‘విడుదలై’ చూసినవాళ్ళకి ఆయన ఎంత సీరియస్‌గా చెయ్యగలడో తెలుసు. మీనాగా అన్నా బెన్, మలయాళం అమ్మాయి, మన ‘కల్కి’లో కైరాగా చేసిందే.

ఇప్పుడు ఆ అమ్మాయి మాట్లాడదు అనే విషయానికి వస్తా. సినిమా మొత్తానికి ఆమెకి ఉన్నది ఒకే ఒక్క డైలాగ్, అది నిజమే. అయితే ఒక్క నిమిషం ఆలోచించండి, ఆ పిల్ల చెప్పాల్సింది ఎప్పుడో చెప్పేసింది కదా. నాకు ఆ అబ్బాయి ఇష్టం, నీతో పెళ్ళి ఇష్టం లేదు అనేది సినిమా మొదలవ్వక ముందే ఇంట్లో అందరికీ తెలుసు. తెలియబట్టే కదా ఆటో కట్టించుకుని బయల్దేరింది. చెప్పిందాన్ని విననివాళ్ళకి మళ్ళీ రెండోసారి, మూడోసారి, ఈసారి మనకి అర్థమయ్యేట్టు కన్నీళ్ళతో, క్లోజప్‌లో చెప్పాలని మనం ఎందుకు అడుగుతున్నాం? మన సినిమాల్లో లేడీ ఓరియెంటెడ్ అంటే ఫస్ట్ హాఫ్ అంతా ఏడిపించి సెకండ్ హాఫ్‌లో హీరోయిన్ చేతికి కత్తో త్రిశూలమో ఇచ్చి రెండు పేజీల డైలాగ్ చెప్పించడం, మనం చప్పట్లు కొట్టి ఇంటికొచ్చి కాలేజీకెళ్ళే పిల్లల ఫోన్లు చెక్ చెయ్యడం. అట్లాంటి డైలాగ్ మనకి హాయిగా ఉంటుంది, ఎందుకంటే అది వేరే ఎవడో విలన్‌ని తిట్టే డైలాగ్. మీనా మౌనం అట్లా కాదు, అది చూస్తున్నవాళ్ళ మీదికే వస్తుంది. అందుకే విసుగొచ్చింది అంటున్నారని నా అనుమానం.

ఇంకో తమాషా చూడండి. మా వైపు గంగ జాతరలో ఆడవాళ్ళకి అమ్మవారు పూనుతుంది. అప్పుడా మనిషి ఎంత గట్టిగా అరిచినా, మొగుడ్ని పేరు పెట్టి పిలిచి నిలదీసినా, ఊరి పెద్దని తిట్టినా అందరూ చేతులు కట్టుకుని వింటారు, వేపాకు ఇస్తారు, ఏం కావాలి తల్లీ అని అడుగుతారు. తెల్లారి అదే మాట అదే మనిషి మామూలుగా అంటే చెంప పగులుతుంది. అమ్మాయి మన దేవత తరఫున అరిస్తే పూనకం, తన తరఫున ఊరుకుంటే దయ్యం. మా ఊళ్ళల్లో ఇది అందరికీ తెలిసిన లెక్కే, ఎవరూ పైకి అనరు. వినోద్‌రాజ్ ఆ లెక్కని సినిమా అంతా పరిచి చూపించాడు, ఎక్కడా లెక్చర్ ఇవ్వకుండా.

సినిమాలో నన్ను అన్నిటికన్నా కదిలించింది కొట్టే సీను. అప్పటిదాకా పాండి పెద్దగా మాట్లాడడు, గొంతు పోయి ఉంటుంది, మెడకి సున్నం రాసుకుని ఉంటాడు, ఆ బొంగురు గొంతుతోనే అందర్నీ అదిలిస్తుంటాడు. దార్లో ఒకచోట పాట వినపడుతుంది, మీనా పెదాలు కదులుతాయి, పాటతో పాటు సన్నగా కూనిరాగం. అంతే. పాండి బండి ఆపి వచ్చి కొడతాడు. మీనాని ఒక్కదాన్నే కాదు, అడ్డం వచ్చిన సొంత అక్కచెల్లెళ్ళని, పెద్దవాళ్ళని, ఎవరు దొరికితే వాళ్ళని, ఆటోలోంచి లాగి మరీ. కెమెరా ఎక్కడికీ పోదు, కట్ చెయ్యరు, మ్యూజిక్ లేదు కాబట్టి మనకి ఏడవాలో భయపడాలో చెప్పేవాడు ఉండడు. ఆ పిల్ల ఏం చేసింది? పాట కూనిరాగం తీసింది. పారిపోలేదు, తిట్టలేదు. ఆమె లోపల ఇంకా సంతోషం అనేది ఒకటి మిగిలి ఉందని వాడికి తెలిసింది, అది తట్టుకోలేకపోయాడు.

ఆ తర్వాతే అసలు సంగతి. దెబ్బలు తిన్న ఆడవాళ్ళు కొంగుతో మొహం తుడుచుకుని, జుట్టు ముడేసుకుని, మళ్ళీ అదే ఆటో ఎక్కుతారు. మళ్ళీ అదే సామి దగ్గరికి, అదే పిల్లని తీసుకుని. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు, ఇంక నేను రాను అని దిగిపోరు. ఆ పాఠకుడు ఈ సినిమాలో ఏమీ జరగదు అని రాశాడు, నాకైతే ఇంతకన్నా భయంకరమైనది సినిమాల్లో జరగడం ఈ మధ్య చూళ్ళేదు. ఎందుకంటే ఇది నాకు తెలుసు. పిల్ల పక్కన కూర్చుని బాగైపోతావమ్మా, కాస్త తిను అని ప్రేమగా అనేదీ మనమే, పిల్ల దిగి పారిపోకుండా అటు ఒకరు ఇటు ఒకరు కూర్చునేదీ మనమే. మగాళ్ళు బైకుల మీద ముందు పోతుంటారు, కాపలా డ్యూటీ మాత్రం ఆడవాళ్ళది. దార్లో ఒకామెకి నెలసరి వస్తుంది, దానికి వాళ్ళు పడే అవస్థ, ఎవరికి చెప్పాలి ఎట్లా చెప్పాలి అనే గుసగుసలు, అదంతా కథకి సంబంధం లేని ముక్క అని ఎవరో అన్నారు. సంబంధం లేకపోవడం ఏంటండీ, ఆ ఆటోలో ఉన్న ఏ ఆడదానికీ తన ఒళ్ళు తనది కాదు, దిగాలన్నా ఆగాలన్నా బైకు మీద ఉన్నోడి పర్మిషన్ కావాలి, అది చెప్పడానికి ఇంతకన్నా సంబంధం ఉన్న సీను ఏముంటుంది?

నేను ముప్ఫై ఏళ్ళకి పైగా స్కూల్లో పని చేశా. పదో తరగతి పిల్ల ఒకతి బాగా చదివేది, సడన్‌గా రావడం మానేసింది. అడిగితే గాలి సోకింది మేడం, తిప్పుతున్నాం అన్నారు. నెల పైన తిప్పారు. తిరిగొచ్చాక ముంజేతి మీద వాత ఉంది, ఎవరు పెట్టారే అంటే తల వంచుకుంది. పరీక్షలు రాసింది, పాసైంది, ఎండాకాలంలో పెళ్ళి చేసేశారు, మేనమామకే. ఇంతకీ ఆ పిల్లకి ఏమైందో మాకు స్టాఫ్ రూమ్‌లో అందరికీ తెలుసు, మా ఇంట్లో జరిగితే కూడా ఇంతేనేమో అనుకుని ఊరుకున్నాం. ఇంకా దాని గురించి ఇక్కడ రాయను, ఆ పిల్ల ఇప్పుడు పిల్లల తల్లి.

మేనరికం అనేసరికి గుర్తొచ్చింది. ఈ సినిమా తెలుగువాళ్ళకి బయటి సినిమా కాదు అనడానికి ఇదొక్కటి చాలు. ఉత్తరాదివాళ్ళకి చెప్తే ముక్కున వేలేసుకుంటారు, మనకీ తమిళులకీ కన్నడిగులకీ మాత్రం మరదలు అంటే పుట్టినప్పుడే బావ పేరు రాసిపెట్టిన పిల్ల. ఇందులో పాండి మంచోడా చెడ్డోడా అనేది కాదు సమస్య, వాడికి నిజంగానే ఆ పిల్ల మీద ఇష్టం ఉండొచ్చు, చిన్నప్పట్నుంచి నీదేరా అని అందరూ చెప్పిన వస్తువు చేజారిపోతుంటే వాడికి అది దొంగతనం లాగా అనిపిస్తుంది. సూరి మొహంలో ఆ అవమానం కనపడుతుంది, కోపం కన్నా ఎక్కువ అదే కనపడుతుంది. వాడి మీద నాకు జాలేసింది కూడా, అయితే జాలి వేరు, వాడి చెయ్యి వేరు.

ఇవన్నీ ఇప్పుడెక్కడున్నాయి, ఫోన్లొచ్చాయి, అమ్మాయిలు అమెరికా పోతున్నారు, ఇంకా దయ్యాలూ భూతాలూ కులాలూ అంటూ సినిమాలా అని కూడా రాశాడు ఆ పాఠకుడు. 2016లో ఉడుమలపేట బస్టాండ్ దగ్గర పట్టపగలు, నలుగురూ చూస్తుండగా, వేరే కులం అమ్మాయిని పెళ్ళి చేసుకున్నాడని ఒక దళిత అబ్బాయిని నరికేశారు, సీసీ కెమెరా వీడియో దేశమంతా చూసింది. అది తమిళనాడు అంటారా, 2018 సెప్టెంబర్‌లో మన మిర్యాలగూడలో హాస్పిటల్ బయట, కడుపుతో ఉన్న భార్య పక్కన నడుస్తున్నవాడిని చంపారు, ఆ కేసులో తీర్పు రావడానికి 2025 మార్చి దాకా పట్టింది. మేజర్లయిన ఇద్దరి పెళ్ళిలో ఎవరూ తలదూర్చడానికి లేదు, అలాంటి జంటలకి రక్షణ కోసం జిల్లాకో ప్రత్యేక సెల్ పెట్టండి అని సుప్రీంకోర్టు చెప్పింది కూడా ఆ 2018లోనే, మార్చిలో. మీ జిల్లాలో ఆ సెల్ ఎక్కడుందో, దాని ఫోన్ నంబరేంటో మీ రిపోర్టర్లని ఒకసారి కనుక్కోమనండి. ఇక మూఢనమ్మకం అంటే చదువులేనివాళ్ళది అనుకునేవాళ్ళు 2021 జనవరిలో మదనపల్లెలో ఏం జరిగిందో గుర్తు చేసుకోండి, మళ్ళీ బతికొస్తారనే నమ్మకంతో కన్నకూతుళ్ళిద్దర్నీ ఇంట్లోనే చంపేశారు, ఆ తల్లిదండ్రులిద్దరూ పాఠాలు చెప్పే వృత్తిలో ఉన్నవాళ్ళే.

క్లైమాక్స్ గురించి చెప్పాలి, చూడాలనుకునేవాళ్ళు ఈ పేరా వదిలెయ్యండి. సామి దగ్గరికి చేరాక వీళ్ళ వంతు రాకముందు ఇంకో అమ్మాయికి దయ్యం వదిలిస్తుంటాడు ఆ సామి. పాండి అది చూస్తాడు. ఆ సామి చెయ్యి ఆ అమ్మాయి ఒంటి మీద ఎక్కడెక్కడ పడుతుందో చూస్తాడు. తర్వాత మీనా వంతు. పాండి ఏం చేస్తాడు? డైరెక్టర్ చెప్పడు, సినిమా ఆగిపోతుంది. దీన్నే ముగింపు లేదు అంటున్నారు. నా మట్టుకు ఇంతకన్నా ఖచ్చితమైన ముగింపు లేదు. మీనా సంగతి మొదటి సీన్‌లోనే తేలిపోయింది, ఆమె మారదు, కొట్టుక్కాళి అంటేనే మొండిపిల్ల. తేలాల్సింది పాండి సంగతే. ఇంతసేపూ దయ్యం ఎవర్లో ఉందా అని వెతికినవాడికి ఇప్పుడు ఏదో కనపడింది, ఇప్పుడు నువ్వేం చేస్తావు అని సినిమా వాడినే అడుగుతుంది, మీనాని అడగదు. ఇన్నేళ్ళుగా ఆడవాళ్ళ సినిమా అంటే చివర్లో ఆడదే ఏదో ఒకటి చెయ్యాలి, చావాలో చంపాలో ఇల్లొదిలి పోవాలో. ఈసారికి మగాడిని నిర్ణయం తీసుకోనివ్వండి, కుర్చీలో ఇబ్బందిగా కదలండి ఒక రెండు నిమిషాలు.

అట్లాగని సినిమాలో తప్పులు లేవని కాదు. కోడిని మీనా పక్కన పెట్టి పదే పదే చూపించడం నాకు ఎక్కువైంది, మొదటిసారికే అర్థమవుతుంది కదా. దార్లో అడ్డంగా నిలబడ్డ ఎద్దు ఎంత మంది మగాళ్ళు అదిలించినా కదలకపోవడం, చివరికి ఒక చిన్నపిల్ల వచ్చి తోలుకుపోవడం మాత్రం భలే నచ్చింది, నవ్వొచ్చింది కూడా, కానీ దాని అర్థం కూడా కొంచెం ఎక్కువ స్పష్టంగానే ఉంది. ఈ డైరెక్టర్ ముందు సినిమా ‘కూళాంగల్’ ఇంకా మంచిదని నేనంటా, 2021లో రాటర్‌డామ్ ఫిల్మ్ ఫెస్టివల్‌లో టైగర్ అవార్డు వచ్చింది దానికి, ఆ ఏడు మన దేశం తరఫున ఆస్కార్‌కి పంపింది కూడా దాన్నే. పుట్టింటికి వెళ్ళిపోయిన భార్యని తీసుకురావడానికి తాగుబోతు మొగుడు కొడుకుని వెంటేసుకుని మండుటెండలో నడిచే కథ, ఆయన సొంత అక్కచెల్లెళ్ళలో ఒకరికి అత్తింట్లో జరిగిన దాన్నుంచి పుట్టింది అని ఆయనే చెప్పాడు. అందులో ఆ భార్య అసలు కనపడదు. అంటే ఈ మనిషి ఆడదాని కష్టాన్ని ఆడదాని మొహం మీద కాకుండా చుట్టూ ఉన్నవాళ్ళ మీద కెమెరా పెట్టి చూపిస్తాడు, అది ఆయన పద్ధతి, అలవాటు పడటానికి టైం పడుతుంది.

ఇట్లాంటివి ఫెస్టివల్ సినిమాలు, థియేటర్‌లో వెయ్యకూడదు అని తమిళ సినిమావాళ్ళలోనే కొందరు అన్నారు. అదెట్లాగండీ, బెర్లిన్‌లో ఉన్నవాళ్ళకి దయ్యం వదిలించే సామి సంగతి తెలిసి ఏం ప్రయోజనం, తెలియాల్సింది మధురై పక్క పల్లెలో, మా నగరిలో కదా. ఆడకపోతే ఆడదు, కనీసం వేసి చూడాలి. మీరైతే ఈ సినిమా విడుదలైన రోజు మీ సినిమా పేజీలో దీని గురించి మూడు లైన్లు వేసి మిగతా పేజీ అంతా ఒక హీరో గారి కొత్త కారు ఫొటోలు వేశారు, దాచిపెట్టుకోలేదు గానీ గుర్తుంది.

ఇక మీ పేపర్ సంగతి. ఆ అభిప్రాయం వచ్చిన అదే ఆదివారం పేపర్లో క్లాసిఫైడ్స్ పేజీ తీసి చూడండి. స్త్రీ పురుష వశీకరణం, ప్రేమ సమస్యలు, మీ అమ్మాయి మాట వినట్లేదా, ఇరవై నాలుగు గంటల్లో పరిష్కారం, ఫోన్ చెయ్యండి, ఫీజు పని అయ్యాకే. ఒకటి కాదు, కాలమ్ అంతా అవే. మంత్రాలతో, తాయెత్తులతో రోగాలు నయం చేస్తామని ప్రచారం చేసుకోవడం చట్టరీత్యా నేరం, 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం. అమ్మాయి ప్రేమించడం రోగం కాదు కాబట్టి ఆ చట్టం దీనికి తగలదని మీ యాడ్స్ డిపార్ట్‌మెంట్‌వాళ్ళు అంటే అనొచ్చు, అంటే మీరూ ఒప్పుకున్నట్టే కదా అది రోగం కాదని. సినిమాలో ఆ కుటుంబానికి ఆ సామి అడ్రస్ ఎవరిచ్చారో నాకు గుర్తులేదు, మా ఊళ్ళో అయితే చాలామందికి ఇచ్చేది మీరే. ఇంట్లో పిల్ల ఏడుస్తుంటే పేపర్ తిరగేసి నంబర్ వెతుక్కునే తల్లుల్ని నేను చూశా, వాళ్ళు చెడ్డవాళ్ళు కాదు, పేపర్లో వేశారంటే నిజమే అయ్యుంటుంది అనుకునేవాళ్ళు.

ఎడిటోరియల్ పేజీలో మార్చి 8న మహిళా దినోత్సవం వ్యాసాలు వేసేవాళ్ళకీ ఈ ప్రకటనలకి డబ్బులు తీసుకునేవాళ్ళకీ మధ్య ఎంత దూరం ఉందో నాకు తెలీదు, బిల్డింగ్ అయితే ఒకటే అనుకుంటా. ఆ ప్రకటనలు ఆపగలరా లేదా, ఆపలేకపోతే ఎందుకు, అది మీ పాఠకులకి రెండు లైన్లలో చెప్పండి. ఈ ఉత్తరం వెయ్యకపోయినా పర్లేదు, ఆ రెండు లైన్లు వెయ్యండి చాలు.

ఇట్లు,
ఒక రిటైర్డ్ టీచర్,
నగరి